విదియ నాటి ఆటు చూసుకుని: ఓరెగాన్ తీరం నుంచి ఎత్తైన ఎడారి దాకా 7 రోజుల కారు ప్రయాణం

ఓరెగాన్‌లో పొద్దున సముద్రం ఒడ్డున స్వెటర్ వేసుకుని నిలబడ్డ మనిషి, అదే రోజు సాయంత్రం బెండ్ ఊళ్లో నీడ వెతుక్కుంటాడు. రెండింటి మధ్యా 200 మైళ్లకు మించి దూరం లేదు, రెండు వరుసల కొండలున్నాయంతే. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బులు ముందు కోస్ట్ రేంజ్‌ని, ఆ తర్వాత కాస్కేడ్ పర్వతాలని ఎక్కాలి. ఎక్కేకొద్దీ తేమనంతా పడమటి వైపే కురిపించేస్తాయి. అందుకే తీరంలో ఏడాదికి 60 అంగుళాలకు పైగా వాన పడుతుంటే, సముద్ర మట్టానికి 3,600 అడుగుల ఎత్తున్న బెండ్‌లో 12 అంగుళాలు కూడా అనుమానమే. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకోకండి. ఇది జూనిపర్ చెట్లు, సేజ్ పొదలు, చల్లారిన లావా పరుచుకున్న పీఠభూమి. పగలు 90 ఫారెన్‌హీట్, తెల్లవారుజామున 45 ఇక్కడ మామూలే.

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల, ముఖ్యంగా హిల్స్‌బరో, బీవర్టన్‌లలో, తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ రెండు చోట్లనీ వేర్వేరు వారాంతాల్లో హడావిడిగా చూపించేస్తుంటారు. వారం సెలవు దొరికితే రెండింటినీ ఒకే చుట్టుగా కలపండి. మొత్తం 1,100 మైళ్ల దాకా వస్తుంది. గ్యాలన్‌కి 28 మైళ్లిచ్చే కారుకి 40 గ్యాలన్ల పెట్రోలు.

చాలామంది ప్రణాళిక చెడేది ఒకేచోట: మైళ్లు లెక్కపెట్టి రోజులు పంచుకుంటారు. తీరంలో మైళ్లకు విలువ లేదు, అక్కడ గడియారం ఆటుపోట్లది. ఎడారిలో గడియారం సూర్యుడిది, ఇంధనానిది. ముందు ఆ రెండు గడియారాలు కలిసే వారాన్ని పట్టుకోండి, గదులూ కారూ తర్వాత.

బయల్దేరే తేదీ ఎలా ఎంచుకోవాలి

గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటే ఈ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ వెంటనే వచ్చే రెండు మూడు రోజుల్లోనూ సముద్రం బాగా లోపలికి తగ్గుతుంది, ఒడ్డు రాళ్ల మధ్య ప్రాణులున్న నీటి గుంటల దాకా నడిచి వెళ్లే వీలు అప్పుడే. ఓరెగాన్ తీరంలో వేసవి నెలల్లో ఆ పెద్ద ఆటు తెల్లవారాకే వస్తుంది: అమావాస్య నాడు ఇంచుమించు 7 గంటలకు, ఆ తర్వాత రోజుకి 45, 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా. అంటే విదియ నాటికి ఉదయం 8 దాటి, తదియ నాటికి 9 ప్రాంతంలో. పిల్లల్ని లేపి, కాఫీలు తాగి, తీరుబడిగా చేరుకోగలిగిన వేళలివి.

పౌర్ణమి తర్వాత కూడా ఆటు ఇలాగే ఉంటుంది కదా, అమావాస్యే ఎందుకు? ఎడారి రాత్రుల కోసం. విదియ నాడు బయల్దేరితే మీరు బెండ్ చేరేది చవితి నాటికి. అప్పటి చంద్రుడు రాత్రి 11 ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ తర్వాత కనిపించే పాలపుంతని మన ఊళ్లలో చూసి ఎన్నేళ్లయిందో పెద్దవాళ్లే చెబుతారు. పౌర్ణమి తర్వాత వెళితే ఆ వెన్నెలకి నక్షత్రాలు సగం కనపడవు. పైగా అమావాస్య, పాడ్యమి దాటాక విదియ నాటి ప్రయాణమంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

ఒక జాగ్రత్త: ఇండియాలో అచ్చయిన క్యాలెండర్ తిథులు భారత కాలమానానివి. వేసవిలో ఓరెగాన్ 12 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది కాబట్టి అక్కడ తిథి ఒక రోజు ముందే రావచ్చు. క్యాలెండర్‌తో వారాన్ని పట్టుకోండి, నిమిషాల్ని మాత్రం అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలోనే చూడండి. అందులో న్యూపోర్ట్ దగ్గరి సౌత్ బీచ్ కేంద్రాన్ని తీసుకోండి. నీటిమట్టం ముందు మైనస్ గుర్తున్న రోజులు, అంటే నీరు మామూలు ఆటుకన్నా ఇంకా దిగే రోజులు, దొరికితే మరీ మంచిది.

ఏ నెల? జూన్‌లో కాస్కేడ్ కనుమల మీద, క్రేటర్ లేక్ అనే సరస్సు చుట్టూ మంచు ఇంకా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో అడవి మంటల పొగ భయం. సెప్టెంబర్‌లో తీరం తేటగా ఉండి జనం పలచబడతారు కానీ, ఉదయపు ఆటు జూలైలోలాగా లోతుకి దిగదు. అన్నీ తూచితే ఈ చుట్టుకి జూలై రెండో సగమే మా ఎంపిక. దానికి కట్టాల్సిన సుంకం క్రేటర్ లేక్ దగ్గర దోమలు.

బుక్ చేసే వరస

ముందు బెండ్‌లో 3 రాత్రులు, వంటగది ఉన్న గది. జూలైలో బెండ్ ధరలు వారం వారం పెరుగుతాయి కాబట్టి ఇది ఆఖరికి వదలకండి. తర్వాత డెపో బే లేదా లింకన్ సిటీలో 1, ఫ్లోరెన్స్‌లో 1. కానన్ బీచ్‌లో, యాహాట్స్‌లో గదులు అందంగానే ఉంటాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. ఆరో రాత్రి ప్రైన్‌విల్ లేదా మిచెల్. మిచెల్ చాలా చిన్న ఊరు, గదులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డేరాలో పడుకునేవాళ్లు ఓరెగాన్ స్టేట్ పార్కుల స్థలాల్ని 6 నెలల ముందే తీసుకోవచ్చు. తీరంలోని పార్కుల్లో యర్ట్ అనే గుండ్రటి గుడారపు గదులుంటాయి, మంచాలు, హీటరుతో. పెద్దవాళ్లతో క్యాంపింగ్‌కి అవే సరైనవి, అందుకే అవే ముందు అయిపోతాయి.

లావా రివర్ గుహకి వేళతో కూడిన రిజర్వేషన్ కావాలి. రిక్రియేషన్ డాట్ గవ్‌లో తీసుకోండి. అది లేకుండా వెళ్లి గేటు దగ్గర వెనక్కి తిరిగే కార్లు ఎన్నో.

ప్రవేశ రుసుములకు ‘అమెరికా ది బ్యూటిఫుల్’ వార్షిక పాస్ కొనేయండి, అమెరికా వాసులకు 80 డాలర్లు. యకీనా హెడ్, కేప్ పర్పెచువా, న్యూబెరీ, క్రేటర్ లేక్ నాలుగింటికీ పనికొస్తుంది. ఎకోలా, హనీమన్, స్మిత్ రాక్ మాత్రం రాష్ట్ర పార్కులు, వాటికి ఈ పాస్ చెల్లదు. పార్కింగ్ రుసుము వేరే కట్టి, చీటీని కారు అద్దం వెనక పెట్టాలి.

అద్దె కారైతే ఒప్పందంలో రెండు విషయాలు వెతకండి: కంకర రోడ్ల మీద నడపవచ్చా, ఇసుక మీద నడిపితే బీమా వర్తిస్తుందా. రెండో దానికి సమాధానం దాదాపు ఎప్పుడూ కాదనే.

కార్లో ఏముండాలి

తలా ఒక్కరికి రోజుకి గ్యాలన్ నీళ్లు, ఎడారి రోజులకు. తీరానికి గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ. జూలైలో ఎందుకని వదిలేసినవాళ్లు మధ్యాహ్నం వీచే ఉత్తరపు గాలికి కార్లోంచి దిగకుండా కూర్చుంటారు. గుహకి, రాత్రి ఆకాశానికి మనిషికో హెడ్‌ల్యాంప్. దోమల మందు. అడుగు గట్టిగా ఉన్న బూట్లు (చెప్పులతో అబ్సిడియన్ అనే అగ్నిపర్వత గాజు మీద నడవడం అంటే పగిలిన గాజు మీద నడవడమే). ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఐస్ పెట్టెలో వేరే డబ్బా, ఎందుకంటే ఎండలో ఆపిన కారు లోపల 20 నిమిషాల్లో మందు చెడిపోయేంత వేడి పుడుతుంది. తీరపు రోడ్డూ 26వ హైవే కొండ భాగమూ మలుపులే మలుపులు. వాంతులయ్యేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, బయల్దేరడానికి అరగంట ముందు మాత్ర వెయ్యండి. మలుపులు మొదలయ్యాక వేస్తే పని చెయ్యదు.

తిండి సంగతి నిజం చెప్పాలి. తీరంలో చేపలు, క్లామ్ చౌడర్ అనే ఆల్చిప్పల సూపు, బర్గర్లు. శాకాహారులకు వేపుడు బంగాళాదుంపలే మిగులుతాయి. యూజీన్‌లో, బెండ్‌లో భారతీయ భోజనం దొరుకుతుంది. ప్రైన్‌విల్ దాటాక ఆశ వదులుకోవాలి. హిల్స్‌బరోలోనో బీవర్టన్‌లోనో ఇండియన్ కొట్టులో కొనుక్కుని చిన్న రైస్ కుక్కర్, బియ్యం, కందిపొడి, ఆవకాయ, నెయ్యి, పెరుగు పెట్టుకోండి. మొదటి రెండు రోజులకు పులిహోర, చపాతీలు. వేసవిలో నిప్పు నిషేధం ఉన్న చోట్ల ఆరుబయట గ్యాస్ పొయ్యి వెలిగించడానికి కూడా ఆంక్షలుండొచ్చు, వంటంతా గదిలోనే అనుకోండి.

ఫోన్‌లో మ్యాపులు ముందే దించుకోండి. కేప్ పర్పెచువా దగ్గర, మెకెంజీ లోయలో, ప్రైన్‌విల్ తూర్పున సిగ్నల్ పోతుంది. మ్యాపు ఎక్కడైనా 20 నిమిషాలు ఆదా అని అడవి రోడ్డు చూపిస్తే తిరగకండి. ఆ రోడ్లు కలప లారీల కోసం వేసినవి, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. రోడ్ల మూసివేతలకు రాష్ట్ర రవాణా శాఖ ‘ట్రిప్‌చెక్’, పొగకు ‘ఎయిర్‌నౌ’, ఈ రెండూ రోజూ పొద్దున చూడాలి.

మొదటి రోజు: పోర్ట్‌లాండ్ నుంచి డెపో బే (190 మైళ్లు)

తీరాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికే నడపండి. సముద్రం మీ కుడి వైపుంటుంది. చూసే చోట్లు దాదాపు అన్నీ కుడి పక్కనే కాబట్టి ఎదురొచ్చే వాహనాల్ని దాటి తిరగనక్కర్లేదు. 101వ హైవే మీద సగటు గంటకి 40 మైళ్లే, ముందో క్యాంపర్ బండి ఉంటే ఇంకా తక్కువ.

ఉదయం 6కి బయల్దేరితే 26వ హైవే మీద 80 మైళ్లు వెళ్లి 7:30 కల్లా కానన్ బీచ్ చేరతారు. అక్కడి హేస్టాక్ రాక్ 235 అడుగుల ఒంటరి కొండ. సముద్రం తగ్గినప్పుడు దాని మొదలు దాకా నడిచి వెళ్లవచ్చు. రాళ్ల మధ్య నీటి గుంటల్లో సముద్ర నక్షత్రాలు, పువ్వుల్లా విచ్చుకునే పచ్చని ఎనిమోన్‌లు ఉంటాయి. కనిష్ఠ మట్టానికి గంట ముందే చేరండి, నీరు తిరిగి పెరగడం మొదలవగానే వెనక్కి వచ్చేయండి. ఇసుక మీద, వట్టి రాతి మీద మాత్రమే అడుగు పెట్టాలి. బార్నకిల్స్ అంటుకున్న రాళ్లు ప్రాణుల ఇళ్లు, జారుడు కూడా. కొండ పైకెక్కడం నిషిద్ధం. ఏప్రిల్ నుంచి జూలై దాకా అక్కడ పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి.

ఇక్కడ ఇసుక మీద ఎంత దూరం నడిచినా ఎవరి కంచే అడ్డు రాదు. 363 మైళ్ల తీరమంతా ప్రజలదే. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ తడి ఇసుకని ప్రజా రహదారిగా ప్రకటింపజేశాడు. 1967లో టామ్ మెకాల్ హయాంలో వచ్చిన బీచ్ బిల్లు పొడి ఇసుక మీద కూడా జనం హక్కుని ఖాయం చేసింది.

దక్షిణంగా వెళుతూ నెహకానీ కొండ మలుపు దగ్గర ఆగి మంజనీటా తీరాన్ని పైనించి చూడండి. టిల్లమూక్ జున్ను కర్మాగారంలో మధ్యాహ్నం వరస పొడుగ్గా ఉంటుంది, అరగంటకి మించి ఇవ్వొద్దు. అక్కడి నుంచి 101 వదిలి 131వ రోడ్డు మీద నెటార్ట్స్, కేప్ లుకౌట్ మీదుగా పసిఫిక్ సిటీకి దిగండి. పసిఫిక్ సిటీలో కేప్ కివాండా దగ్గర ఇసుక మీదికి కార్లు దిగుతుంటాయి. మీరు దిగకండి. చక్రాలు కూరుకుపోయాక పోటు వచ్చేలోపు లాగే బండి దొరక్క ఉప్పునీటి పాలైన కార్లకు లెక్కలేదు.

సాయంత్రం డెపో బే. హైవే పక్కనే సముద్రపు గోడ. వేసవిలో ఈ తీరాన్ని వదలకుండా మేత మేసే గ్రే తిమింగలాలు ఇక్కడ ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తాయి. నీటి మీద ఆవిరి చిమ్మినట్టు కనపడగానే చూపు అక్కడే నిలపండి, అదే తిమింగలం కొద్ది నిమిషాల్లో ఆ పక్కనే మళ్లీ లేస్తుంది. గాలి లేని వేళే చూడాలి, అలల నురుగు మొదలైతే ఆవిరి తేడా తెలియదు.

రెండో రోజు: ఒకే రోజు ఆటూ పోటూ

ఈ ప్రయాణమంతటికీ ఆయువుపట్టు ఈ రోజే. ప్రయాణ దూరం 70 మైళ్లు కూడా లేదు, అయినా రోజంతా పడుతుంది, పట్టాలి కూడా.

ఉదయం 8కి యకీనా హెడ్. ఓరెగాన్‌లోకెల్లా పొడవైన లైట్‌హౌస్, 93 అడుగులు, ఇక్కడే ఉంది. దాన్ని తర్వాత చూడొచ్చు. ముందు మెట్లు దిగి కాబుల్ బీచ్‌కి వెళ్లండి. అక్కడ ఇసుక ఉండదు, అన్నీ నల్లని గుండ్రాళ్లు. అల వెనక్కి పోతుంటే ఆ రాళ్లు ఒకదానితో ఒకటి దొర్లి చప్పట్లు కొట్టినట్టు మోగుతాయి. గుంటల్లో ఊదారంగు ముళ్ల సముద్రపు అర్చిన్‌లు, అవతలి బండల మీద సీల్ జంతువులు. ఈ రాళ్ల మీద మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడవలేరు, వాళ్లని పైన చూసేచోట బెంచీ మీద కూర్చోబెట్టండి, పక్షుల కొండ అక్కణ్నుంచే బాగా కనపడుతుంది.

ఆటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 6 గంటలు. 9కి ఆటైతే 3కి పోటు. ఆ వ్యవధిలో న్యూపోర్ట్‌లో భోజనం చేసి, 2 గంటలకు కేప్ పర్పెచువా చేరండి. ఎందుకంటే అక్కడి వింతలకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: నిండు సముద్రం. డెవిల్స్ చర్న్ అనే ఇరుకు సందులోకి అల దూసుకొచ్చి పైకి చిమ్ముతుంది. థోర్స్ వెల్ నల్లని లావా బండ మధ్య నూతిలాంటి రంధ్రం. కింది నుంచి నీరు ఉబికి పొంగి, మళ్లీ లోపలికే జలపాతంలా జారిపోతుంది. ఆటు వేళ వస్తే అదొక ఖాళీ గొయ్యి. నిరాశ పడేవాళ్లందరూ వేళ చూసుకోకుండా వచ్చినవాళ్లే.

థోర్స్ వెల్‌ని పైనున్న కాలిబాట నుంచే చూడండి. బండ మీదికి దిగితే తడిసిన చోటికి వెళ్లొద్దు. తడి ఉందంటే అల అక్కడిదాకా వచ్చిందని అర్థం. స్నీకర్ వేవ్ అని ఈ తీరంలో ఒక ప్రమాదం ఉంది: 10, 20 నిమిషాలు మామూలు అలలు వచ్చి, ఉన్నట్టుండి ఒకటి ఎన్నో గజాలు ముందుకి దూసుకొస్తుంది. నీరు 50, 55 ఫారెన్‌హీట్, ఈత వచ్చినవాళ్ల చేతులు కూడా నిమిషాల్లో మొద్దుబారతాయి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటో తీయకండి. అడుగున కొద్దిపాటి నీరు చేరితే చాలు, టన్నుల బరువున్న ఆ దుంగ తేలి దొర్లుతుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు.

తర్వాత కారులోనే 800 అడుగుల ఎత్తున్న పైవ్యూపాయింట్‌కి వెళ్లండి, పెద్దవాళ్లకు నడక లేకుండా తీరమంతా కనిపిస్తుంది. 12 మైళ్ల దిగువన 1894 నాటి హెసీటా హెడ్ లైట్‌హౌస్. దాని అందమైన దృశ్యం దాటి దక్షిణంగా వెళ్లాక, రోడ్డు పక్క ఆగే చోట నుంచి వెనక్కి తిరిగి చూస్తే కనపడుతుంది. రాత్రి ఫ్లోరెన్స్.

మూడో రోజు: ఇసుక, వాన అడవి, లావా

ఫ్లోరెన్స్ నుంచి కూస్ బే దాకా 40 మైళ్ల పొడవున ఇసుక దిబ్బలు. హనీమన్ పార్కులో ఉదయం 8కే ఎక్కండి, 11 దాటితే గాలి లేచి ఇసుక కళ్లలో కొడుతుంది. తర్వాత 126వ హైవే మీద 61 మైళ్లు యూజీన్, అక్కడ భోజనం, ట్యాంకు నిండా పెట్రోలు. బెండ్‌కి ఇంకా 125 మైళ్ల పైచిలుకు.

మెకెంజీ లోయలో 2020 సెప్టెంబర్ నాటి హాలిడే ఫామ్ మంటలకు కాలిన చెట్లు ఇప్పటికీ నిలబడి ఉంటాయి. ఆ తర్వాత దారి చీలుతుంది. ఎడమకి 126లోనే సాగితే సహాలీ, కూసా జలపాతాలు, 4,817 అడుగుల శాంటియం కనుమ, సాఫీ రోడ్డు. కుడికి 242 తీసుకుంటే 5,325 అడుగుల మెకెంజీ కనుమ: హెయిర్‌పిన్ మలుపులు, ఇరుకు దారి, శిఖరాన లావా రాళ్లతోనే కట్టిన డీ రైట్ అబ్జర్వేటరీ. 35 అడుగులు మించిన వాహనాలకి ప్రవేశం లేదు, నవంబర్ నుంచి జూన్ మూడో వారం దాకా సాధారణంగా మూసే ఉంటుంది. తెరిచి ఉంటే, కడుపులో తిప్పేవాళ్లెవరూ లేకపోతే, 242 మీదే వెళ్లండి. నాచు పట్టిన ఫర్ అడవిలో మొదలై, ఒక్క మలుపుతో చెట్టన్నది లేని నల్లటి లావా మైదానంలోకి వచ్చిపడతారు. కొండలు వానని అడ్డుకునే వాననీడ అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

నాలుగు, అయిదు రోజులు: బెండ్ నుంచి

నాలుగో రోజు న్యూబెరీ అగ్నిపర్వత ప్రాంతం. లావా రివర్ గుహ ఊరికి దక్షిణంగా 12 మైళ్లు. లోపల మైలు దాకా చీకటి సొరంగం, బయట 90 ఉన్నా లోపల 42 ఫారెన్‌హీట్. జాకెట్ కావాలి, ఫోన్ లైటు చాలదు. వేరే గుహలకు వేసుకెళ్లిన బట్టలు, బూట్లు ఇక్కడికి తేకూడదు, గబ్బిలాలకు సోకే బూజు వ్యాధి వాటితో వస్తుంది. గుహలోకి మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లని ఆ గంటా లావా ల్యాండ్స్ కేంద్రంలో ఉంచండి. మధ్యాహ్నం బిగ్ అబ్సిడియన్ ఫ్లో: 1,300 ఏళ్ల కిందటి నల్లగాజు ప్రవాహం. ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. 7,984 అడుగుల పౌలీనా శిఖరం దాకా కారు వెళుతుంది, కొంత కంకర రోడ్డు, నిటారు. గుండె, ఊపిరి సమస్యలున్నవాళ్లు పైన పది నిమిషాలు చాలించుకోవాలి.

అయిదో రోజు క్రేటర్ లేక్. 97వ హైవే మీద దక్షిణంగా వెళ్లి, 138 మీదుగా ఉత్తర ద్వారం, రెండు గంటల దారి. షెమల్ట్‌లో పెట్రోలు నింపుకోండి. 7,700 ఏళ్ల కిందట మజామా పర్వతం పేలి, లోపలికి కుంగిన గుంటలో నిలిచిన నీరిది, 1,943 అడుగుల లోతు. వాగులేవీ కలవవు, వానా మంచే ఆధారం, అందుకే అడుగున మన్ను కలవని ఆ నీలం. ఉదయం 10 లోపు చేరితే గాలి లేక నీరు అద్దంలా ఉంటుంది. చుట్టూ 33 మైళ్ల రిమ్ డ్రైవ్, ఆగుతూ తిరిగితే 3 గంటలు. తూర్పు భాగం మీద మంచు జూలైలోకి కూడా ఉండొచ్చు, తెరిచారో లేదో ముందు రోజు పార్కు పేజీలో చూడండి. ఒక్క నడకకే ఓపిక ఉంటే వాచ్‌మన్ శిఖరం, రానూ పోనూ 1.6 మైళ్లు. పొగ కమ్మిన రోజున ఈ పేజీ తిప్పేసి, నాలుగో రోజుతో మార్చుకోండి. బెండ్‌లో మూడు రాత్రులు తీసుకోమన్నది ఈ వెసులుబాటు కోసమే.

ఆ రాత్రుల్లో ఏదో ఒకనాడు 11 దాటాక ఊరి దీపాలకు 20 మైళ్లు దూరంగా వెళ్లి, కారు దీపాలార్పి, కళ్లకు 20 నిమిషాలు చీకటి అలవాటు చెయ్యండి. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటి నుంచి.

ఆరో రోజు: స్మిత్ రాక్, పెయింటెడ్ హిల్స్

స్మిత్ రాక్‌కి 7 గంటలకే. మిజరీ రిడ్జ్ కొండబాట ఎక్కేవాళ్లు ఎండ రాకముందే ఎక్కి దిగాలి. మిగతావాళ్లకి క్రూకెడ్ నది ఒడ్డున చదునైన బాట ఉంది. తాచులు ఉండవు గానీ విషమున్న గిలక పాములుంటాయి, పొదల్లో చెయ్యి పెట్టొద్దు.

ప్రైన్‌విల్‌లో ట్యాంకు నింపండి, సగం ఉన్నా సరే. ఓరెగాన్‌లో 1951 నుంచి పెట్రోలు మనమే పోసుకోవడం నిషేధం, 2023 ఆగస్టు నుంచి రాష్ట్రమంతటా అనుమతించారు. రెండు పద్ధతులూ ఉంటాయి, పంపు మీది బోర్డు చూసి ఆగండి. విద్యుత్ కారు (ఈవీ) అయితే ఇక్కడే నిండా ఛార్జ్ చెయ్యండి. పెయింటెడ్ హిల్స్‌కి వెళ్లి రావడం 110 మైళ్లు, మధ్యలో 4,720 అడుగుల ఓచోకో కనుమ. ఎక్కేటప్పుడు బ్యాటరీ లెక్కకన్నా త్వరగా తగ్గుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. కనీసం 160 మైళ్లు చూపిస్తుంటేనే బయల్దేరండి.

ఆ రంగుల కొండల దగ్గరికి సాయంత్రం 5కి. మిట్టమధ్యాహ్నం ఈ రంగులు పాలిపోయి కనపడతాయి. వాలు వెలుగు పడ్డాకే ఎరుపు, పసుపు, నలుపు చారలు విడివిడిగా లేస్తాయి. 3 కోట్ల ఏళ్లకు పైబడిన అగ్నిపర్వత బూడిద మట్టిగా మారి పొరలు పొరలుగా పేరుకుంది. తడిగా వెచ్చగా ఉన్న కాలపు పొరల్లో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన పడి వెలిసిన సాయంత్రం దొరికితే అదృష్టమే, తడి మట్టి రంగు రెట్టింపు చిక్కన. ప్రవేశ రుసుము లేదు. ఓవర్‌లుక్ బాట అందరూ నడవగలరు. పావు మైలు పెయింటెడ్ కోవ్ బాటలో కొంత చెక్క వంతెన, కొండని చేతికందేంత దగ్గరగా చూపిస్తుంది. బాట దాటి ఒక్క అడుగు కూడా వెయ్యకండి. ఈ బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు పగిలి పేలాల్లా పొంగి ఉంటుంది, కాలి గుర్తు పడితే ఏళ్ల తరబడి పోదు. ఫోటోల కోసం తొక్కిన జాడలు ఎర్ర కొండల మీద గాయాల్లా కనిపిస్తాయి, చూస్తే మనసు చివుక్కుమంటుంది.

చీకటి పడేలోపు ప్రైన్‌విల్‌కి తిరుగు ప్రయాణం కట్టండి, లేదా 9 మైళ్ల దూరంలోని మిచెల్‌లో పడుకోండి. సంధ్య వేళ జింకలు రోడ్డు దాటతాయి. ఒకటి దాటితే ఆగే ఉండండి, వెనక రెండోది వస్తుంది. ‘ఓపెన్ రేంజ్’ అన్న బోర్డున్న చోట పశువులకు కంచె ఉండదు. నల్ల ఆవు రాత్రి హెడ్‌లైట్లలో ఆఖరి క్షణం దాకా కనపడదు, గుద్దితే ఆవు ఖరీదు కూడా మీ నెత్తిన పడవచ్చు.

ఏడో రోజు: తిరుగు దారి

తేలిక దారి 26వ హైవేనే: మాడ్రస్, వార్మ్ స్ప్రింగ్స్, 11,239 అడుగుల మౌంట్ హుడ్ పక్కనుంచి పోర్ట్‌లాండ్. వార్మ్ స్ప్రింగ్స్ ఆదివాసీ తెగల సొంత నేల, హైవే వదిలి పక్క రోడ్లలోకి వెళ్లకండి. ఆదివారమైతే మధ్యాహ్నం 1 లోపు హుడ్ దాటండి, తర్వాత వారాంతపు కార్లన్నీ ఒకే వరసలో పడతాయి.

మిచెల్‌లో పడుకున్నవాళ్లకి ఇంకో దారి ఉంది: 207, 19 మీదుగా ఫాసిల్, అక్కణ్నుంచి 218 మీద క్లార్నో రాతి గోడలు, ఆంటెలోప్, షానికో. ఆంటెలోప్ పేరు మనవాళ్లు కొందరు విన్నదే. 1981లో రజనీష్ అనుచరులు ఆ దగ్గర్లోని పశువుల క్షేత్రం కొని రజనీష్‌పురం కట్టారు, ఆంటెలోప్ ఊరి పేరే కొంతకాలం రజనీష్‌గా మారింది, 1985లో అంతా ముగిసింది. ఆ క్షేత్రం ఇప్పుడు ప్రైవేటు స్థలం, అనుమతి లేకుండా వెళ్లకండి. ఈ దారిలో పెట్రోలు ఫాసిల్‌లో పోయించుకుంటే మళ్లీ కొలంబియా నది ఒడ్డున బిగ్స్ దాకా నమ్మకంగా దొరకదు. బిగ్స్ నుంచి 84వ ఇంటర్‌స్టేట్ మీద పడమటి గాలి ఎదురుగా కొడుతుంది. కారు పైన సామాను పెట్టె ఉంటే అక్కడ ఆగి పట్టీలు మరోసారి బిగించి బయల్దేరండి.